మావయ్య కట్టిన ఎర్రగుడ్డ

మా మావయ్య పోయాడన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా ఫోన్లో వచ్చింది. చేసింది ఆయనతో కలిసి బాణాలు వేసే బెంగాలీ పెద్దమనిషి. "దీదీ, మీ మామా గ్రౌండులో పడిపోయారు. ఆస్పత్రికి తీసుకొచ్చాం. లేరన్నారు" అని ఆయన హిందీలో చెబితే నేను "ఠీక్ హై" అన్నాను. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న కాగితాలకి పిన్ను కొట్టి, టిఫిను డబ్బా సంచీలో సర్దుకుని అప్పుడు లేచాను. ఏం ఠీక్? ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆస్పత్రిలో ఏడవలేదు, కాటి దగ్గరినుంచి మగవాళ్లు తిరిగొచ్చినప్పుడూ ఏడవలేదు. మీలో ఎవరికైనా ఇలా అయి ఉంటే నన్ను తప్పుపట్టరు.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్లు చాలామందిలాగే మావయ్యా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాల్‌బగీచాలో కట్టుకున్న ఇంటి ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి చోటుండేది కాదు. హిజ్లీ క్యాంపస్ పిల్లలు చదువైపోయి వదిలేసిన కంప్యూటర్లు, ఇందా బజారులో దుకాణాలవాళ్లు ఇక లాభం లేదని ఇచ్చేసినవి, అన్నీ సైకిలు క్యారియరు మీద ఆ గదికే చేరేవి. "మాది ఇల్లు కాదే, స్క్రాపు యార్డు" అనేది అత్త. మావయ్య నవ్వి ఊరుకునేవాడు. పొద్దున్నే మరమరాల గిన్నె పక్కన పెట్టుకుని, పాత పెయింటు బ్రష్షుతో మిషన్లు తుడిచేవాడు. ఏది చెడినా ఆయన మొదటి వైద్యం అదే.

"ముందు దుమ్ము దులుపే గుంటా. బుర్ర తరవాత పెడుదువుగాని."

నా ల్యాప్‌టాపు ఆగిపోయినప్పుడు అదే చెప్పాడు. మేనేజరుతో గొడవపడి నేను ఏడుస్తూ వెళ్లిన రోజూ అదే చెప్పాడు. రెండుసార్లూ పనిచేసింది, ఎలాగని మాత్రం అడక్కండి.

ఆ మిషన్ల ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తే డాక్టరు నడవమన్నాడు. "ఊరికినే నడవడానికి నానేటి పిచ్చోడినా? నడిస్తే ఒక పనుండాల" అని విల్లు పట్టాడు. అందరూ బాణం వెయ్యడానికి గ్రౌండుకి వెళితే, మావయ్య వేసిన బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లేవాడు. గురికోసం గోనెలు చుట్టి నిలబెట్టిన గడ్డిమోపు దాకా నడక, మళ్లీ వెనక్కి నడక. మెడ సంగతి ఏమోగానీ బాణాల పిచ్చి మాత్రం పట్టుకుంది. ఇంటికొచ్చాక ఏ బాణం ఎక్కడ దిగిందో కంప్యూటర్లో చుక్కలు పెట్టేవాడు, దానికోసం ప్రోగ్రాం కూడా తనే రాసుకున్నాడు. చుక్కలన్నీ ఎడమ పక్కకే పోగవుతున్నాయని విల్లు మార్చాడు, బాణాలు మార్చాడు, కాళ్లు పెట్టే తీరు మార్చాడు. ఆఖరికి ప్రోగ్రాంలోనే తప్పుందని దాన్నీ విప్పి కూర్చున్నాడు. అత్త టీ పట్టుకొచ్చి, "ఆ కల్లజోడు ఏటి వంకరగున్నాది? దానిమీదగానీ తొంగున్నారా?" అంది. జోడు సరిచేయించాక చుక్కలు నడిమికొచ్చాయి. ఆ కథ ఆయన అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి మురిసిపోయేవాడు.

ఇక ఎర్రగుడ్డ సంగతి చెప్పాలి. వర్క్‌షాపులో మనిషి రైలుపెట్టె కిందికి దూరి పనిచేసేటప్పుడు ముందు ఎర్రజెండా పెడతారు. దాన్ని పెట్టినవాడే తియ్యాలి, ఎంత పెద్ద సాబు వచ్చినా ఇంకొకరు ముట్టుకోకూడదు. మావయ్య ఆ పద్ధతి ఇంటికీ తెచ్చాడు. విప్పి పెట్టిన కంప్యూటరుకి ఎర్ర పేలిక కట్టి ఉంటే అత్త దాని దగ్గర చీపురు కూడా వెయ్యదు. గ్రౌండులోనూ అంతే. బాణాలకి వెళ్లేముందు, అందరూ నిలబడే చోట ఉన్న కర్రకి ఎర్రగుడ్డ కట్టేవాడు. అది ఉన్నంతసేపూ ఎవరూ విల్లు ఎత్తకూడదు. తిరిగొచ్చి తనే విప్పి, "లైన్ క్లియర్!" అని, బండికి దారిచ్చే స్టేషను మనిషిలా, గ్రౌండంతా వినపడేలా అరిచేవాడు.

ఒకసారి కొత్తగా చేరినతను మావయ్య వస్తుండడం చూసి ముడి విప్పేశాడు. మావయ్య గుడ్డ మళ్లీ కట్టి, బాణాలతో సహా గడ్డిమోపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి విప్పాడు.

"ఎవులు కట్టినారో ఆలే ఇప్పాల. నానొచ్చీసినానని నీకెవులు సెప్పినారు?"

"కనిపిస్తున్నారు కదా అంకుల్."

"కనపడితే ఒచ్చీసినట్టు కాదు బాబూ."

పోయిన రోజు సాయంత్రం కూడా ఆయన గుడ్డ కట్టే బాణాలకి బయల్దేరాడు. గడ్డిమోపు చేరలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక బెంగాలీ పెద్దమనిషి అత్త ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బౌదీ" అన్నాడు, వదినా అని. "ఆ గుడ్డ అలాగే ఉంది. మేమెవరం ముట్టుకోలేదు. ఆరోజు నుంచి ఒక్క బాణం వెయ్యలేదు. రోజూ వచ్చి కాసేపు నిలబడి పోతున్నాం. కొందరు రావడమే మానేశారు. ఇలాగైతే ఆయన కూడగట్టిన జట్టంతా చెదిరిపోతుంది."

మర్నాడు సాయంత్రం అత్త నా దగ్గరకొచ్చి "పద" అంది. వాళ్లక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇప్పుడు బయటికెల్లకూడదే, తప్పు."

"ఆయన పని సగంలో ఉండిపోనాదక్కా. అదైపోతే ఎన్నాల్లు కూకోమంటే అన్నాల్లు కూకుంటాను."

గ్రౌండులో అందరూ విల్లులు కిందికి దించి నిలబడ్డారు. అత్త కర్ర దగ్గరికి వెళ్లి గుడ్డని ముట్టుకుంది గానీ విప్పలేదు. దూరంగా గడ్డిమోపులో మావయ్య బాణాలు అలాగే ఉన్నాయి.

"ఆయన దేనికెల్లినారు?" అని అడిగింది.

"బాణాలు తేడానికి" అన్నాను.

"తెచ్చినారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి పనవకుండా ఎలాగ ఇప్పుతాం?" అని చెప్పులు విడిచి నడిచింది. ఆయన ఎక్కడ పడిపోయాడో ఎవరూ చూపించలేదు, మేమూ అడగలేదు. వానలకి గడ్డి నాని బాణాలు బిగుసుకుపోయాయి. మోపుకి కాలు తన్నిపెట్టి ఇద్దరం లాగాం. బజారునుంచి ములక్కాడలు తెచ్చినట్టు వాటిని చంకలో పెట్టుకుని అత్త వెనక్కొచ్చింది. ఆయన సంచీలో సర్దింది. ముడి చేతికి లొంగలేదు, పళ్లతో లాగి విప్పింది. అప్పుడు అరవబోయి ఆగి, నా వైపు చూసింది.

"లైన్ క్లియర్!" అని నేను అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. కళ్లు మసకలు కమ్మి ఎవరు విల్లు ఎత్తారో నాకు కనపడలేదు, బాణం గడ్డిలో దిగిన చప్పుడు మాత్రం విన్నాను.

అత్త చేతిలో ఆ గుడ్డ ఉంది. ఎండకీ వానకీ వెలిసిపోయి గులాబీ రంగుకొచ్చింది. ముడి పడ్డచోట మాత్రం, మావయ్య కట్టిననాటి ఎరుపు అలాగే ఉంది.