నాయనమ్మ పీల్చిన పొగ

నా చిన్నప్పుడు, ప్రత్తిపాడు దాపున ఉన్న మా పల్లెలో, పిల్లకు గుండె దడ వస్తే దానికి ఒకటే పేరు: గాలి సోకింది. ఆ పేరు నాకూ తగిలించారు.

ఐదో తరగతిలో లేచి పాఠం చదువుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, చచ్చిపోతున్నాననే అనుకున్నాను. కాసేపటికి దానంతటదే తగ్గింది. మళ్ళీ వస్తుందేమోనన్న భయం మాత్రం తగ్గలేదు. బడికి వెళ్ళడమే మానేశాను. ఇంట్లో కొందరు పిరికిదన్నారు, కొందరు వేషాలన్నారు. మా పెదనాన్న గాలి వదిలించే మనిషిని పిలుచుకొచ్చాడు. ఆయనగారి వైద్యమేమిటంటే, కుంపట్లో ఎండుమిరపకాయలు వేసి ఆ పొగలో పిల్లను కూర్చోబెట్టడం. ఉక్కిరిబిక్కిరైతే లోపల దయ్యం ఉన్నట్టేనట! ఎవరు కారండీ ఉక్కిరిబిక్కిరి? మిరప పండించే ఊళ్ళో ఆ మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

నన్ను రెక్క పట్టి లాక్కొస్తుండగా, కాయలు ఆరబోసిన కల్లం నుంచి మా నాయనమ్మ వచ్చింది. సంగతి వింది. చెంగు నడుముకు బిగించి, కుంపటి ముందు తనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కానీవయ్యా, ముందు నాకు పట్టు" అంది. ఆయన వద్దమ్మా అంటున్నా వినకుండా గుప్పెడు కాయలు నిప్పుల్లో పోసేసింది. ఇక ఒకటే దగ్గు. కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి. పొగ వాకిలంతా కమ్మేసరికి ఆ మనిషీ, పెదనాన్నా కూడా దగ్గుతూ గోడవతలికి పరుగెత్తారు.

"ఏరా పెద్దోడా, నాకూ ఊపిరాడట్లా, నీకూ ఆడట్లా. ఇంతమందికీ దయ్యాలేనంట్రా? పిల్ల అసలే భయంతో చస్తుంటే ఇంకా భయపెడతారా? దీని మీద చెయ్యేస్తే మర్యాదగా ఉండదు!"

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వయసులో ఉండగా తనకూ ఈ దడ వచ్చేదట, పత్తి తీస్తూ తీస్తూ చేలోనే కూలబడేదట. "వచ్చిద్దే అమ్మా, కాసేపుండి పోద్ది. దాన్ని చూసి పారిపోబాకు. దాచుకోబాకు, నోరు తెరిచి చెప్పు" అంది. మర్నాడు నాతో బడికి వచ్చి అరుగు మీద కూర్చుంది. దడ రానే వచ్చింది. గుమ్మంలోంచి ఆమెను చూస్తూ ఉండిపోయాను. తగ్గింది. బడి మళ్ళీ మానలేదు.

పెద్దయ్యాక గుంటూరులో డాక్టరుగారు దీన్ని పానిక్ డిజార్డర్ అన్నారు. ఆందోళన జబ్బుల్లో ఇదొకటనీ, మాటలతో, మందులతో లొంగుతుందనీ చెప్పారు. రెండూ వాడాను. ఎవరడిగినా చెబుతాను కూడా. ఇంత వయసొచ్చి భయమేంటండీ అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళు బీపీకి మాత్రలు మింగితే నేనేమైనా నవ్వానా?

మొన్న ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో కూర్చున్నాక దడ పట్టుకుంది. పక్కవాళ్ళు కంగారుపడి, ఎవరూ చూడకుండా లోపలికి వచ్చి పడుకోమన్నారు. నేను లేవలేదు. బంతి మొత్తానికీ వినపడేలా చెప్పాను: "నాకు దడొచ్చింది. కాసేపట్లో పోద్ది. మీరు వడ్డించండి."