ఒక్క చుట్టు బిగువు

కుప్పం నుంచి మదనపల్లెకు సైకిల్ మీద ఒక్కణ్ణే పోతున్నాను. గతుకులు చేతులకు తగలకుండా హ్యాండిల్ కింద స్ప్రింగు ఉన్న సైకిలే, అయినా పుంగనూరు చేరేసరికి మణికట్లు పీకేస్తున్నాయి. రోడ్డు పక్క సైకిల్ షాపులో ఆగాను.

షాపాయన హ్యాండిల్‌ను రెండు చేతులా కిందికి నొక్కాడు. కదల్లేదు.

"ముందర బిడ్డను కూసోబెట్టుకుంటావా అప్పా? బరువుకు బిగించినట్టుండాది."

నిజమే. మా పాప సీటు హ్యాండిల్‌కే తగిలించేవాణ్ణి. పాప వాళ్ళమ్మతో వెళ్ళిపోయి రెండేళ్ళు. సీటు తీసేశాను గానీ, స్ప్రింగు సంగతి గుర్తే లేదు.

"ఇప్పుడు నేనొక్కణ్ణే," అన్నాను.

ఆయన స్ప్రింగు బోల్టు ఒక్కో చుట్టే వదులు చేస్తూ, ప్రతిసారీ నన్ను ఎక్కించి చూశాడు. ఇంకొక్క చుట్టు మిగిలుండగా ఆపేశాడు.

"అది కూడా తిప్పేయండి."

"యాలప్పా? దావలో ఎవురన్నా ఎక్కుతారు కదా. వాళ్ళు వెనక కూసుంటే, సంచి ఈ హ్యాండిలుకే కదా తగిలించేది!"

మాది విజయనగరం. అక్కడ నేనెప్పుడూ దారినపోయేవాళ్ళను ఎక్కించుకోలేదు.

ఆ రోజు మదనపల్లె దాకా, నడిచిపోయే ప్రతి మనిషి పక్కనా నెమ్మదిగా తొక్కాను. ఎవరూ అడగలేదు.

ఆ ఒక్క చుట్టు మాత్రం ఇప్పటికీ విప్పలేదు.