నాలుగో భాగానికి వన్స్ మోర్

2019 మార్చి 16, శనివారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు అనంతపురంలోని మా సభామందిరం వెనుక ద్వారం ముందు ఒక కారు ఆగింది. అప్పట్లో నేను ఆ మందిరానికి రంగస్థల పర్యవేక్షకుడిని. వెలుతురు, శబ్దం, తెర ఈ హోదాలో ఉన్నవాడి బాధ్యత. ముఖ్య అతిథి ఎవరైనా సరే, ప్రదర్శన మధ్యలో తెర వేయించే అధికారం అతనొక్కడిదే. ఆ తరువాత కొంత కాలానికి యాభై నాలుగో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకొన్నాను. నేను నడిపినవాటిలో అధిక భాగం పద్యనాటకాలు. ఆ రోజు కారులోంచి దిగింది మాత్రం చెల్లో.

చెల్లో వయొలిన్ జాతి వాద్యమే, కాని కుర్చీలో కూర్చొని మోకాళ్ల నడుమ నిలబెట్టుకొని వాయించవలసినంత పెద్దది. అడుగున ఒక ఇనుప ములుకు ఉంటుంది. దాన్ని నేలకు గుచ్చి నిలుపుతారు. వాయించబోయే శ్రీలత బెంగళూరులో పిల్లలకు ఈ వాద్యం నేర్పేది. ఆమె తండ్రి నాగభూషణం శెట్టికి మా ఊరిలో బట్టల కొట్టు ఉన్నది. అంతకు మించి ఆయన నాటకాల పిచ్చివాడు. మా మందిరంలో మొదటి వరుసలో నడవ పక్కనున్న కుర్చీ ఆయనదని అందరికీ తెలుసు. చిన్నప్పుడు శ్రీలత ఆ పక్క కుర్చీలో నిద్రపోవడం నేను చూశాను.

కార్యక్రమం ఎందుకో ఆమె నాకు సూటిగా చెప్పింది. విదేశంలోని ఒక వాద్యబృందం ఏటా కొద్దిమందిని శిక్షణకు ఎంపిక చేస్తుంది. వయోపరిమితి ముప్పై. ఆమెకు ఇరవై తొమ్మిది నిండి నెలలు గడిచాయి. అంతకు ముందు సంవత్సరం ఆమె పంపిన వీడియోను తిప్పి పంపుతూ, స్వరాలలో దోషం లేదు గాని వేదిక మీద మనిషి కనబడలేదు అని వ్రాశారు. ఈసారి పంపవలసినది నిజమైన శ్రోతల ఎదుట, మొదటి నుంచి చివరి దాకా కోత లేకుండా తీసిన ఒకే వీడియో. గడువు సోమవారం. బెంగళూరులో హాలు దొరికింది గాని జనం దొరకలేదు. జనాన్ని నేను తెస్తానని శెట్టిగారు మాట ఇచ్చారు.

ముందు నేల సంగతి చూశాము. మా వేదిక టేకు పలకలు నున్నగా అరిగి ఉన్నవి. ములుకు జారిపోయింది. నాటకాలలో హార్మోనియం బల్ల కదలకుండా కాళ్ల ముందు ఒక చెక్కపట్టీ దిగగొడతాము. అదే ఆమె కుర్చీ ముందు దిగగొట్టాను, ములుకు నిలిచింది. తరువాత గాలి సంగతి. మార్చి నడిమికి మా గాలిలో తేమ అనేది ఉండదు. కొయ్య ఎండి తీగలు బిగించే బిరడాలు వదులవుతాయి. ఒకసారి శ్రుతి చేస్తుండగా బిరడా జారింది, తిరిగి బిగించబోతే సన్నని తీగ తెగింది. ఆమె పెట్టెలో అదనపు తీగ ఒకటే ఉన్నది, దాన్నే కట్టింది. గోనెసంచులు తడిపించి వేదికకు ఇరుపక్కలా వేలాడదీయించాను. పంకాలు చప్పుడు చేస్తాయి గనుక వాయించేంతసేపూ ఆపివేయాలని నిర్ణయించాము.

మధ్యాహ్నం రెండింటికి సాధన మొదలైంది. ఆరు భాగాలున్న పాత ఐరోపా రచన, తోడు వాద్యం లేనిది. నాలుగో భాగం అన్నింటికంటె నెమ్మదైనది. నేను పక్క తెర వెనుక దీపాల మీటల దగ్గర నిలబడ్డాను. దీపం మార్చవలసిన క్షణాన్ని మేము క్యూ అంటాము. నాటకంలో క్యూ కాగితం మీద ఉంటుంది గాని అనుభవమున్నవాడు దాన్ని నటుడి ఊపిరి నుంచి తీసుకొంటాడు. పద్యం ఎత్తుకోబోయే నటుడి రొమ్ము ముందు నిండుతుంది, ఆ తరువాత చేయి లేస్తుంది, ఆ తరువాత గొంతు. ఊపిరికి దీపం పెంచితే గొంతుకు సరిపోతుంది.

శ్రీలత దగ్గర నాకు ఆ క్యూ దొరకలేదు. ఆమె తల వెనక్కు విసిరేది, కళ్లు మూసేది, భాగం ముగిసినప్పుడు తీగల మీద లాగే కమాను గాలిలోకి పెద్దగా ఎత్తేది. ప్రసిద్ధ ఏకవాద్యకారుల వీడియోలు చూసి ఒక్కొక్కటీ అభ్యసించానని తానే చెప్పింది. ఆ కదలికలన్నీ నాదం వచ్చిన తరువాత వచ్చేవి. వాటిని నమ్ముకొన్న నా దీపం ప్రతిసారీ ఆలస్యమైంది.

శెట్టిగారు మొదటి వరుసలోంచి అడిగేశారు. “ఏమ్మా, ఆ తలకాయ ఊపేది యాల? దోమలు గాని కుడతాండాయా?”

“నాయనా, నువ్వు గమ్మునుండు. అట్ల వాయించకపోతే వాళ్లకు మనిషి కనపడదంట.”

“నాకు కనపడతాండావు గదమ్మా!”

“నీకు కొట్లో కూచున్నా కనపడతా.”

దీపం ఆలస్యమవుతున్న కారణాన్ని నేను కూడా ఆమెకు చెప్పాను, సాంకేతిక విషయంగా. “సార్, లైట్లు ఎట్లున్నా సరే గాని, ఇప్పుడు నన్ను మార్చమనొద్దు, ఉన్నది గూడా పోతాది” అన్నది. అది న్యాయమే. ప్రదర్శనకు నాలుగు గంటల ముందు ఎవరినీ మార్చకూడదు. ముఖం మీద ఒకే దీపం స్థిరంగా ఉంచుతానని ఒప్పుకొన్నాను.

ఆరున్నరకు తెర తీశాము. మూడు వందలకు పైగా వచ్చారు. కొట్టు ఖాతాదారులు కుటుంబాలతో వచ్చారు. పద్యనాటకం ఉన్నదని విని కంబదూరు, కణేకల్ వైపు నుంచి బస్సెక్కినవారు కూడా ఉన్నారు. వాళ్లతో శెట్టిగారు ఏమి చెప్పారో నేను అడగలేదు. మొదలు పెట్టేముందు మైకులో నేనే ప్రకటించాను: ఇది ఆరు భాగాల రచన, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టవద్దు, సెల్‌ఫోన్లు ఆపివేయండి. ఇంత స్పష్టంగా చెప్పిన తరువాత ఇంకేమీ మిగలలేదనుకొన్నాను.

మొదటి మూడు భాగాలు సాధనలో ఉన్నట్టే జరిగాయి. పంకాలు లేని ఉక్కలో జనం చీర కొంగులతో, తువ్వాళ్లతో విసురుకొంటూ మర్యాదగా కూర్చున్నారు. స్వరాలు సరిగా ఉన్నాయి, తల ఊగింది, కమాను లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగో భాగం ముగిసి ఆమె కమాను ఎత్తింది. హాలు నిశ్శబ్దంగా ఉన్నది. ఆ నిశ్శబ్దంలో ఏడో వరుస నుంచి కంబదూరు ఓబులేసు, మా మందిరంలో ఒక్క నాటకమూ వదలని రైతు, నిండు గొంతుతో అరిచాడు.

“వన్స్ మోర్!”

వెంటనే ఇంకో పదిమంది అందుకొన్నారు, ఆపైన సగం హాలు.

మా ప్రాంతం తెలియనివారికి ఒక మాట. పద్యం నచ్చితే మళ్లీ పాడమనడం ఇక్కడి ప్రేక్షకుల హక్కు. కథలో చచ్చిపడిన పాత్ర కూడా లేచి పాడి మళ్లీ చచ్చిపడుతుంది. కాదంటే అవమానంగా తీసుకొంటారు. అందుకని మాకొక పద్ధతి ఉన్నది. అరుపు లేచినప్పుడు నటుడు పక్క తెర వైపు చూస్తాడు. పర్యవేక్షకుడు ఒక వేలు చూపితే ఒక్కసారి పాడి కథలోకి రావాలి. పిడికిలి చూపితే కుదరదు, ముందుకు పోవాలి.

మొదటి వరుసలో శెట్టిగారు లేచి వెనక్కు తిరిగారు. ఎన్ని నాటకాలలోనో తొలి వన్స్ మోర్ ఆయనదే. “గమ్మునుండండప్పా! పాప కొంప ముంచుతాండారు!” అని ఆయన వేసిన కేక అందరి కేకల కంటె పెద్దది. కెమెరా తిరుగుతూనే ఉన్నది.

 శ్రీలత కమాను ఒడిలో పెట్టుకొన్నది. సోమవారం లోపల ఇంకో హాలు, ఇంకో జనం, ఇంకో తీగ దొరికే అవకాశం లేదని ఆమెకూ నాకూ తెలుసు. తల నా వైపు తిప్పింది. ఎందుకు తిప్పిందో నాకు అర్థమైంది. ఆమె పెరిగింది ఆ మొదటి వరుసలోనే.

తెర వేయిస్తే వీడియో అక్కడితో ముగుస్తుంది. పిడికిలి చూపితే గోల అయిదు నిమిషాలకు తక్కువ ఉండదు, నాకు తెలుసు. మళ్లీ వాయిస్తే నాలుగు నిమిషాలు, అదీ నిశ్శబ్దంలో. ఒక వేలు చూపాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఏ వీడియోలోనూ చూసి నేర్చినది కాదు. చెమట పట్టిన అరచేతిని కొంగుకు తుడుచుకొన్నది, తండ్రిని కూర్చోమని చేత్తో సైగ చేసింది. హాలు అణిగింది.

రెండోసారి ఆమె తల ఊపలేదు. కళ్లు తెరిచే ఉన్నవి, ఏడో వరుస వైపు. ప్రతి కమాను లాగుడుకు ముందు ఊపిరి తీసుకోవడం పక్క తెర దాకా వినబడింది. రొమ్ము నిండేది, భుజం కొద్దిగా వాలేది, అప్పుడు నాదం వచ్చేది. ఒకే దీపమని ఇచ్చిన మాట మరిచి నా చేయి మీట మీదికి పోయింది. ఆమె ఊపిరికి పెంచాను, ఊపిరికి తగ్గించాను. ఒక్క క్యూ కూడా తప్పలేదు. విసురుకొంటున్న తువ్వాళ్లు ఆగిపోయాయి. చివరి స్వరం తరువాత కమాను గాలిలోకి లేవలేదు, తీగ మీదే ఆగింది. హాలులో ఎవరూ కదలలేదు.

అయిదు, ఆరు భాగాలు అదే తీరున వాయించింది. ముగిసిన తరువాత చప్పట్లు ఎంతసేపు మోగాయో లెక్క చూడలేదు. నేను పంకాలు వేయించే పనిలో ఉన్నాను.

ప్రేక్షకులు వెళుతుండగా ఓబులేసును నిలబెట్టి, అంత చెప్పినా ఎందుకు అరిచావని అడిగాను. అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు.

“సప్పట్లు కొట్టొద్దంటిరి, కొట్టలేదు. ఫోను ఆపమంటిరి, ఆపితి. వన్స్ మోర్ అనగూడదని యాడ జెప్పినావు సామీ? ఆ పాప అంత బాగ వాయించె, ఏదో ఒగటి అనల్ల గదా!”

“బాగుండాదని మొదటిసారే తెలిసె గదా, మళ్లా యాల అడిగితివి?” అని పక్కకు వచ్చిన శెట్టిగారు కోపంగానే అడిగారు.

“పద్దెం బాగుండె శెట్టీ, మనిషి యాడనో ఉండె. అందుకే మళ్లా అడిగితి.”

 శెట్టిగారు అతని భుజం మీద చేయి వేసి టీ తాగించడానికి తీసుకొనిపోయారు.

శ్రీలత వేదిక మీదే కూర్చొని చిన్న దీపంతో చెల్లో అతుకులన్నీ పరీక్షించింది. ఎక్కడా చీలలేదు. వీడియోను కోయవచ్చునా అని నిబంధనలు మళ్లీ చదివింది. కోత కూడదని ఉన్నది, ఒక భాగాన్ని రెండుసార్లు వాయించకూడదని లేదు. ఓబులేసు అరుపు, తండ్రి కేక, తన నవ్వు అన్నీ ఉన్నట్టే ఆదివారం పంపింది.

ఏప్రిల్ మొదటి వారంలో శెట్టిగారు నా గదికి నడిచి వచ్చారు. కుర్చీ చూపినా కూర్చోలేదు. “పాపను తీసుకున్న్యారు సార్” అని చెప్పి, తువ్వాలుతో ముఖం తుడుచుకొని, వచ్చే నాటకం ఎప్పుడని అడిగారు. ఆ రోజు నేను ఇంటికి మామూలు కంటె ముందే పోయాను. మూడు వారాలుగా ఆ ఒక వేలు నాకు బరువుగానే ఉండింది.

వృత్తిపరంగా నేను గ్రహించినది ఇది. వేదిక మీద మనిషి కనబడడానికి కదలిక చాలదు, ఊపిరి నాదానికి ముందు రావాలి. వాయించేవారికి ఎదుట ఒక ముఖం ఉన్నప్పుడు అది తనంతట వస్తుంది. ఆ తరువాత నేను నడిపిన సంగీత కార్యక్రమాలన్నిటిలో మొదటి ఏడు వరుసల మీద కొద్దిపాటి వెలుతురు ఉంచాను, వాయించేవారికి వినేవారు కనబడేటట్టు.

ఆ రోజు పోయినవి: ఒక తీగ, రెండు గోనెసంచులు, కార్యక్రమంలో నాలుగు నిమిషాలు. నిలిచినవి: చెల్లో, వీడియో, శ్రీలత స్థానం. చెక్కపట్టీని నేను ఊడబెరకలేదు. విరమణ నాటికి అది అక్కడే ఉన్నది.