మంచులో అడిగిన ప్రశ్న

నేను మండవల్లి దగ్గర పల్లెలో నర్సుని. పోయిన శీతాకాలం ఒక ఉదయం, చేపల చెరువు మీద పనిచేసే బెంగాలీ కుర్రాడి భార్యకి నొప్పులొస్తే, ఇద్దరినీ ఆటో ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాను. కొల్లేరు గట్టు మీదకి రాగానే మంచు కమ్మేసింది. దారి, నీళ్లు, ఆకాశం అన్నీ ఒకటే తెలుపు.

"గట్టు కనబడట్లేదండీ, ఇంక కదిలితే చెరువులోకే," అంటూ డ్రైవరు ఆటో ఆపేశాడు.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏదో పదేపదే అడుగుతోంది. నాకు బెంగాలీ రాదు, భర్తకి తెలుగు రాదు. ఫోన్లో ఏఐ తెరిచి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"నేను చచ్చిపోయానా అని ఆవిడ అడుగుతున్నారు," అంది ఫోను, తెలుగులో.

"లేదమ్మా, ఇది మంచు. నా చెయ్యి వెచ్చగా లేదూ?" అన్నాను. ఫోను ఆ మాటే బెంగాలీలో మెల్లగా చెప్పింది. ఆమె నా అరచేతిని చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

పాప ఆ ఆటోలోనే పుట్టింది.

ఎందరికో పురుడు పోశాను. బతికే ఉన్నావని ఒక మనిషికి చెప్పాల్సి రావడం మాత్రం అదే మొదలు.