సియెనా మెట్ల మీద విడిచిన బూటు

ఒట్టు పెట్టడం మా ఇంట్లో తప్పు. పాస్టర్ గారి కూతురిని. అయినా ఈ ఒక్క సంగతికి బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను... ఇది జరిగింది. నా కళ్లతో చూశాను.

ఎనభైల మొదట్లో. న్యూజెర్సీ, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. నేను, మా ఆయన రత్నం, ఆరేళ్ల సునీత. ఆ చలికాలం గుంటూరు నుంచి తిరిగొస్తూ ఇటలీలో ఆగాం. సియెనా అనే పాత ఊళ్లో గైడ్ వెంట రోజంతా చర్చిలు చూశాం. నలుపూ తెలుపూ చారల పాలరాతి కెథీడ్రల్. దాని పక్కన నిటారు మెట్లు దిగితే, పూర్వం పిల్లలకు బాప్తిస్మం ఇచ్చిన గది. వందల ఏళ్ల నాటి రాళ్లు. లోపల చలి ఎముకల్లోకి దిగేది.

గుంటూరులో మా చర్చికి వెళితే చెప్పులు బయటే విడుస్తాం. సునీతకు అదే అలవాటైంది. ఆ గది గుమ్మం దగ్గర మెట్టు మీద ఎర్ర బూట్లు విప్పేసి సాక్సులతో లోపలికి పరుగెత్తింది. గైడ్ నవ్వాడు. నేనైతే మురిసిపోయాను. బయటికొచ్చి చూస్తే... ఎడమ బూటే ఉంది. కుడిది లేదు. వెతకని మెట్టు లేదు. "బస్సు పోతుంది, పదవే!" అని రత్నం కసిరాడు. పిల్లను చంకనెత్తుకుని మిగతా రెండు చర్చిలూ తిరిగాను.

ఇంటికొచ్చాక, ఒంటి బూటు పారేయడానికి మనసొప్పక క్లోజెట్‌లో పెట్టాను. రత్నం కెమెరాలో ఒక్క ఫొటోకి రీలు మిగిలింది. వృథా చేయడం ఆయనకు గిట్టదు. మంచు పడిన మా గుమ్మాన్ని తీసి రీలు కడగడానికి ఇచ్చాడు.

ఆ రీలు స్లయిడ్లుగా తయారై వచ్చిన సాయంత్రం పక్కింటి లక్ష్మిని భోజనానికి పిలిచాం. అప్పట్లో ఎవరింటికి వెళ్లినా పప్పన్నం తర్వాత స్లయిడ్లు చూడక తప్పేది కాదు. సునీతకు జ్వరం. పడుకోబెట్టి వచ్చాను. లైట్లు ఆర్పాం. గోడకు తెల్ల దుప్పటి, ఎదురుగా ప్రొజెక్టర్. క్లిక్... చక్.

"ఏం వదినా, ఊరంతా చర్చిలేనా? షాపింగ్ చెయ్యలేదా?" అని లక్ష్మి నవ్వింది.

క్లిక్. బాప్తిస్మపు గది తర్వాత చూసిన ఇటుకల చర్చి. గుమ్మం మీద ఎర్రగా ఏదో...

"అది సునీత బూటు కదండీ?" అన్నాను.

"అది ముందే పోయిందిగా. ఇక్కడికెలా వస్తుంది?" అన్నాడు రత్నం.

క్లిక్. ఆఖరి చర్చి. గుమ్మం మీద అదే బూటు. ఈసారి దగ్గరగా... బకిల్ కూడా కనిపిస్తోంది.

ప్రొజెక్టర్ ఫ్యాన్ ఒక్కటే... బుర్ర్‌మని.

"ఆపెయ్యండన్నయ్యా," అంది లక్ష్మి. ఆయన వేలు అప్పటికే నొక్కేసింది.

క్లిక్...

మా గుమ్మం. మంచు. మంచు మీద ఎర్ర బూటు. దాని మొన మా తలుపు వైపు తిరిగి ఉంది.

నాకు చప్పున గుర్తొచ్చింది సునీత. చీకట్లో గోడ తడుముకుంటూ పరుగెత్తాను. బెడ్‌రూమ్ తలుపు తోశాను. పడుకునే ఉంది. ఊపిరి ఆడుతోంది. దుప్పట్లోంచి ఒక కాలు బయటికొచ్చింది... కుడి కాలు.

దానికి బూటు ఉంది.

బకిల్ పెట్టి మరీ ఉంది. ముట్టుకున్నాను... రాయిలా చల్లగా. పిల్ల ఒళ్లు మాత్రం కాలిపోతోంది.

సూట్‌కేసులోనే ఉండి ఉంటుందని, పిల్లే తొడుక్కుందని రత్నం ఇప్పటికీ అంటాడు. మరి ఆ స్లయిడ్ల మాటేమిటి? ఆయన వాటిని మళ్లీ వేయనే లేదు.

బూటు విప్పబోతుంటే సునీత కళ్లు తెరిచింది.

"మమ్మీ, తియ్యొద్దు. ఆ అక్క ఇచ్చింది."

"ఏ అక్క తల్లీ?"

"చర్చ్ అక్క. బయట చాలా కోల్డ్. తనకి షూస్ లేవు." నా భుజం మీదుగా వెనక్కి చూసింది. "నేను లోపలికి రా అని చెప్పాను."

నేను వెనక్కి తిరగలేదు. భయమేసింది. పిల్లను దుప్పటితో సహా హత్తుకుని, తెల్లారేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

పొద్దున్నకు జ్వరం తగ్గింది. క్లోజెట్ తెరిచాను. ఎడమ బూటు లేదు.

ఆ చర్చ్ అక్క దాన్ని తీసుకుని వెళ్లిపోయిందో... తొడుక్కుని ఇక్కడే ఉండిపోయిందో... నాకు తెలియదు.