మడుగులో లేని చేప

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పైకి చూస్తే చాలా చిన్నది. ఒక చేప గురించిన అబద్ధం. చేపల గురించి అబద్ధమాడనివాడు ఎవడుంటాడని మీరు నవ్వవచ్చు. నేనూ అలా నవ్వేసి తప్పించుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు. ఆ అబద్ధం వల్ల ఒక ముసలాయన తన కళ్లతో ఆఖరిసారి తేటగా చూడాలనుకున్న నదిని అలా చూడలేకపోయాడు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. సాయన్న నిద్రపోతుంటే, ముట్టవద్దన్న గాలపు ఈగను ముట్టాను.

సాయన్నది నిర్మల్ దగ్గరి ఊరు. నాది జగిత్యాల వైపు. ఒమన్‌లో ఇబ్రా దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అతను క్రేన్ ఆపరేటరు, నేను పికప్ డ్రైవర్ని. ఇద్దరిదీ ఒకే రూమ్. ఒమన్ రాకముందు అతను హిమాచల్ కొండల్లో ఒక సొరంగం పని మీద ఏళ్ల తరబడి ఉన్నాడు. అక్కడే బిమల అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రికి నదే బతుకు. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను నది వెంట నడిపించి ట్రౌట్ చేపలు పట్టించేవాడు. ఆ వేట అల్లుడికి కూడా నేర్పాడు.

మన వైపు గాలం వేరు. వానపామును గుచ్చి, బెండు కట్టి, నీళ్లలో వేసి కూర్చుంటాం. అక్కడ ఎర ఉండదట. కోడిపుంజు మెడ ఈకను పట్టుదారంతో చిన్న గాలపు ముల్లుకు చుట్టి ఈగలా తయారుచేస్తారు. ఆ ఈగకు బరువుండదు. బరువంతా తాడులోనే. గాలపు కర్రను వెనక్కి ఊపి, తాడు వెనక గాలిలో బారుగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఈగ నీటి మీద వాలాలి, పడకూడదు. సాయన్న విసురుతుంటే ఆ తాడు తల మీద ఒక మెలిక తిరిగి, విప్పుకుని, చప్పుడు లేకుండా వెళ్లి వాలేది. చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

ఇబ్రా దగ్గర ట్రౌట్ ఎక్కడిది? మాకున్నది ఒక వాది. కొండల మధ్య రాళ్ల వాగు. వాన పడినప్పుడు పారుతుంది, మిగతా రోజుల్లో అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు. వాటిలో కాళ్లు పెడితే వచ్చి కొరికే వేలెడంత చేపలు. సాయన్నకు అవి కూడా చాలు. శుక్రవారం పొద్దున్నే ఖుబూస్ రొట్టెలు, మజ్జిగ డబ్బాలు పికప్‌లో వేసుకుని వెళ్లేవాళ్లం. అతను పట్టేది తక్కువ, విసరడం ఎక్కువ. విసురుతూ ఆ నది గురించి చెప్పేవాడు. వేసవి మొదట్లో, పైన మంచు ఎక్కువగా కరగకముందు, వానలు రాకముందు, నీళ్లు అద్దంలా ఉంటాయట. అడుగున రాయి రాయినీ లెక్కపెట్టవచ్చట. నీడలో నిలబడిన చేప వంటి మీది ఎర్రచుక్కలు ఒడ్డు నుంచే కనపడతాయట. నడుం లోతు నీళ్లలో నిలబడితే చలికి మోకాళ్లు తెలియవట. నలభై డిగ్రీల ఎండలో, వేడి రాయి మీద కూర్చుని, ఆ చల్లదనాన్ని నేను నమ్మేవాణ్ణి. నేను ఎన్నడూ చూడని ఆ నది మీద నాకెందుకు అంత బెంగ? మా ఊరి గోదావరి మీద కూడా నాకంత బెంగ లేదు.

అతని టోపీకి ఒక ఈగ గుచ్చి ఉండేది. గోధుమరంగు ఈకది. దాన్ని ఎప్పుడూ నీళ్లలో వేయలేదు, ఎవర్నీ ముట్టనివ్వలేదు. మామ కట్టిన ఆఖరి ఈగ అది. ఆయన కంటి నరం దెబ్బతింది. ఇక కొన్ని నెలలే చూపు, తర్వాత చీకటేనని డాక్టర్లు చెప్పారు. ముల్లుకు దారం చుట్టలేని స్థితి వచ్చాక ఈ ఒక్కటి అల్లుడి చేతిలో పెట్టి, "ఈసారి వేసవి మొదట్లో రా. ఇద్దరం కలిసి దీన్నే వేద్దాం. అది నీటి మీద వాలడం ఒక్కసారి చూస్తాను" అన్నాడట. సాయన్న లీవు మే నెల మధ్యలో. టికెట్ కూడా వచ్చేసింది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. అతను రాతి నీడలో టోపీ పక్కన పెట్టి నిద్రపోయాడు. నేను కర్ర తీసుకున్నాను. అతని మామూలు ఈగలు డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఒకటి తీసుకోవచ్చు. తీసుకోలేదు. టోపీకి ఉన్నదే కావాలనిపించింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అతను అంత ప్రేమగా చూసుకునే వస్తువును ఒక్కసారి నా చేత్తో ఆడించాలనే ఆశ కావచ్చు. కట్టాను. అతనిలాగే వెనక్కి ఊపాను. వెనక ఏముందో చూడలేదు. ఒక తుమ్మచెట్టు ఉంది. గట్టిగా లాగాను. తాడు ఖాళీగా వచ్చింది.

చెట్టంతా వెతికాను. ముళ్లు చేతులంతా గీరాయి. ఎండుకొమ్మల రంగు, ఆ ఈక రంగు ఒకటే. కనపడలేదు. సాయన్న లేచాడు.

"ఏమైంది తమ్మీ?"

"అన్నా, పెద్ద చేప. తెంపుకపోయింది."

తిడతాడనుకున్నాను. టోపీ చూశాడు. తాడు చూశాడు. తర్వాత నీళ్లు చూశాడు.

"మామదేసినవా?"

"ఏసిన అన్నా. తప్పైంది."

"ఎంతుండె చేప?"

మోచేయి పట్టుకుని చూపించాను.

"ఈ బుడ్డ నీళ్లల్ల? నిజంగనా?"

"నిజమే. తోక చూసిన."

"మీదికొచ్చి పట్టిందా, కింద కింద గుంజిందా?"

"మీదికొచ్చింది."

అతని ముఖం వెలిగిపోయింది. నా వీపు మీద ఒకటి చరిచాడు. "వానపాము గాలమేసేటోనివి, నీకు పడ్డదారా! నేను నెలల సంది ఏస్తున్న, నాకు తోక గూడ సూపియ్యలే. మామకు చెప్తే ఎట్ల నవ్వుతడో సూడు."

ఆ క్షణంలో చెప్పేయవచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ అతను అప్పటికే మడుగు చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏడికి పోతది తమ్మీ? దీనికి పోయే తొవ్వ లేదు. ఎండలకు నీళ్లు దిగుతయి. చేపా చేతికొస్తది, దాని మూతికి ఈగా ఉంటది. పట్టుకొనే పోత."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ చేప కోసమే. రూమ్‌లో అందరికీ చెప్పాడు. మాతో ఉండే కేరళ అతను కొబ్బరినూనె, మసాలా సిద్ధంగా పెట్టానని వేళాకోళం చేసేవాడు. మేకలు తోలుకొచ్చే ఒక ముసలి ఒమానీ ఆగి చూసి, "సమక్ కబీర్? మాఫీ, మాఫీ" అని చెయ్యి ఊపాడు. ఇక్కడ పెద్ద చేపల్లేవని. సాయన్న పెద్దగా నవ్వాడు. "ఈయనకేం ఎరుక తమ్మీ, మేకలు కాసేటోడు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ ముసలాయనకు తెలుసు. నాకు తెలుసు. తెలియనిది సాయన్న ఒక్కడికే.

బిమల ఫోన్‌లో కోప్పడేది. ఈగ పోతే పోయింది, నువ్వు రా, నాన్న నీ కోసం చూస్తున్నాడు అని. ఇతను ఒప్పుకోలేదు. వట్టి చేతులతో ఆయన ముందుకు ఎట్లా పోను అనేవాడు. చూపు పోయే మనిషి ఒక్క కోరిక కోరాడు, అది కూడా పోగొట్టుకున్నానని చెప్పనా అనేవాడు. పోగొట్టింది నేను. మాట పడ్డది అతను.

మే మొదటి శుక్రవారం నీళ్లు బాగా దిగాయి. అయినా చేప కనపడలేదు. తినడానికి ఆ తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. తల ఎత్తితే కొమ్మల్లో ఏదో మెరిసింది. సన్నని గాలపు ముల్లు. గోధుమరంగు ఈక. నా తలకు మూరెడు ఎత్తులో. సాయన్న నాకు వీపు తిప్పి విసురుతున్నాడు.

లేచి, తీసి, చొక్కా జేబులో వేసుకున్నాను.

నేను చెప్పాల్సిన నేరం ఇదే. తొలి అబద్ధం భయంతో వచ్చింది, దాన్ని మీరు క్షమించినా క్షమిస్తారు. ఇది అలాంటిది కాదు. ఈగ చేతికొచ్చింది. టికెట్ ఇంకా ఉంది. "అన్నా, ఇగో" అంటే చాలు. నాలుగు తిట్లు తిట్టేవాడు, వారంలో విమానం ఎక్కేవాడు. నేను అనలేదు.

సిగ్గు వల్ల అనలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఇదిగో, ఇన్నాళ్లూ నా లోపల కూడా నేను ఈ మాట అనుకోలేదు. అతను వెళ్లిపోతే నా శుక్రవారాలు పోతాయి. రెండు నెలలు రూమ్‌లో పడుకుని ఫోన్ చూసుకుంటూ గడపాలి. నా కోసం ఎదురుచూసే నది ఎక్కడా లేదు. అతనికి ఉంది. అది నాకు ఓర్వలేనితనమా, అతని మీది ప్రేమా? రెండూ ఒకే చోట ఉండగలవని నాకు అప్పుడు తెలియదు. అతను ఉండిపోతే బాగుండునని కోరుకున్నాను. అంతే.

ఆదివారం నేనే అతన్ని ఆఫీసుకు తీసుకెళ్లాను. టికెట్లు, కాగితాలు చూసే మందూబ్‌ను కలిసి లీవు జూన్ మొదటికి జరుపుకోవాలని. మూడు వారాల్లో మడుగు ఎండుతుంది, చేప దొరుకుతుంది, జూన్ మొదట్లో నది ఇంకా తేటగానే ఉంటుందని అతని లెక్క. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ చేపను ఉప్పు పెట్టి ఎండబెట్టి మామకు తీసుకుపోవచ్చా అని అడిగాడు. నేను రోడ్డు చూస్తూ "పోవచ్చు అన్నా" అన్నాను. అతను లోపలికి వెళ్లాడు. నేను బండిలోనే ఏసీ వేసుకుని కూర్చున్నాను. జేబులో ముల్లు చొక్కాను దాటి గుచ్చుకుంటోంది. లోపలికి పరిగెత్తడానికి చాలా సమయం ఉంది. ఆ సమయమంతా కూర్చునే ఉన్నాను.

మర్నాడు సైట్‌కు పోతూ, హైవే మీద కిటికీ దించి ఆ ఈగను గాలికి వదిలేశాను.

లీవు ఒకసారి జరిపితే వరస పోతుంది. అతని బదులు ఇంకో ఆపరేటరు వెళ్లాడు. జూన్‌లో పని ఎక్కువైంది. సాయన్నను జులైలో గాని వదల్లేదు. అతను చేరేసరికి అక్కడ వానలు. నది మట్టిరంగులో ఒడ్డును కోసుకుంటూ పారుతోందట. ఇద్దరూ గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడి చూసి వచ్చారట. మరుసటి వేసవికి మామకు చూపు లేదు.

మడుగు మే నెలాఖరుకే ఎండిపోయింది. అడుగున చేప లేదు. ఏ పక్షో ఎత్తుకుపోయుంటుందని సాయన్నే నన్ను ఓదార్చాడు. అతను తిరిగి వచ్చాక నేను అతని వంట వంతు చేశాను. బట్టలు ఉతికాను. జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. "సొంత తమ్ముడు గూడ ఇంత చెయ్యడు" అని రూమ్‌లో అనేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

కొన్నేళ్లకు అతను ఒమన్ వదిలేసి ఆ నది దగ్గరే స్థిరపడ్డాడు. ఇప్పుడు మామ చేసిన పనే చేస్తున్నాడు. ప్రతి వేసవి మొదట్లో నది ఫోటోలు పంపుతాడు, ఢిల్లీలో దిగి కొండల బస్సెక్కి రమ్మంటాడు. ఒక ఫోటోలో ముసలాయన ఒడ్డున రాయి మీద కూర్చుని, ముఖం నీళ్ల వైపు తిప్పి వింటున్నాడు. ఆ ఫోటోను నేను పెద్దది చేసి చూడలేదు. ఆ నదిని చూడాలని ఉంది. ఆ నీళ్లలో నిలబడాలని ఉంది. ఆ అర్హత నాకు లేదని నాకు తెలుసు, అయినా ఉంది.

పోయిన శుక్రవారం సాయన్నకు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. తుమ్మచెట్టు, చేప, మళ్లీ తుమ్మచెట్టు.  చివర్న అతను అడిగాడు.

"ఆఫీసుకు తోలుకపోయిన నాడు, అప్పటికే దొరికిందా నీకు?"

"దొరికింది అన్నా."

"జేబుల ఉండెనా?"

"ఉండె."

 "సరే" అని పెట్టేశాడు.

అతను తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. ఆ "సరే"లో ఏముందో నాకు ఇంకా తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. నేను చూపించిన ఆ మోచేయంత చేపను ఇక కాపాడాల్సిన పని లేదు. ఈ వారం డ్యూటీలో స్టీరింగ్ పట్టుకుని ఊరికే రోడ్డు చూస్తూ నడిపాను. అలా నడిపి ఎన్నాళ్లయిందో.

ముసలాయనకు కూడా నేనే చెప్పాలి. ఆయన ముందు కూర్చుని. వస్తానని సాయన్నకు రాశాను. చూశాడు. రమ్మనలేదు, వద్దనలేదు. ఈసారి నా లీవు మే నెలలోనే. మందూబ్ అలవాటుగా హైదరాబాద్ అని రాయబోయాడు. ఆపి, ఢిల్లీకి చేయమన్నాను.