కుడి నుంచి చదివిన మీటరు

నా చిన్నప్పుడు, మేము ఆదోనిలో ఉన్న రోజుల్లో, మా ఇంటి ఫ్యూజు పీకేయబోతున్నారన్న కబురు మొదట తెచ్చింది మా పక్కింటి అక్క. కుళాయి దగ్గర ఎవరో అనుకుంటుంటే విని, నిండిన బిందె అక్కడే వదిలేసి వచ్చింది. అప్పటికి నెలలు నిండిన మనిషి. గడపలోనే నిలబడి ఆయాసపడుతూ మా జేజితో, అంటే నాయన తల్లితో, "జేజీ, శుక్రవారం లోపల కరెంటు దుడ్లు కట్టనోళ్ళ ఇండ్లకొచ్చి ఫ్యూజు పీక్కపోతారంట. మీ ఇల్లు గూడా పట్టీలో ఉందంట" అంది.

మాది దూదేకులవాళ్ళ ఇల్లు. మాట్లాడుకునేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీ. మా నాయన పత్తి ఏకేవాడు, అమ్మ ఆ దూదిని గలేబుల్లో నింపి పరుపులు కుట్టేది. ఏకిన దూది గాలికి నిలవదు. మా ఊరి గాలి సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అందుకని అమ్మ కూర్చుని కుట్టేది లోపలి గదిలో. బండలు పరిచిన కప్పు, కిటికీ లేదు, తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా సూదిలో దారం కనపడదు. కరెంటు రాకముందు ఆ గదిలో కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని కుట్టేది. ఒకరోజు బుడ్డి ఒరిగి దూదికి నిప్పంటుకుంది. అమ్మ రెండు చేతులతో నలిపి నలిపి ఆర్పింది. అల్లా దయ వల్ల ఇల్లు మిగిలింది, మేమూ మిగిలాము. ఆ తర్వాత ఆమె కుడి అరచేయి పూర్తిగా ముడుచుకునేది కాదు. ఆ ఏడే నాయన ఎవరెవరినో బతిమాలి, ఇంటికి కరెంటు తెప్పించాడు. ఇల్లంతటికీ ఒక్కటే బల్బు, అది లోపలి గదిలోనే.

కాబట్టి ఫ్యూజు పీకేస్తారంటే మా ఇంట్లో అందరికీ ఒక్కటే గుర్తొచ్చింది. అమ్మ తన చేతిని కొంగులో దాచుకుంది.

మా జేజి గూట్లోంచి బిల్లు తీసి అక్క చేతికిచ్చింది. అక్క ఏడో తరగతి వరకు చదివింది. బిల్లు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు తెలుసు, కొన్ని మాటలు కూడబలుక్కోగలదు. వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. యూనిట్లకు ఇంత, మినిమం అని ఇంత, సర్‌చార్జి అని ఇంత, పాత బాకీ అని ఇంత, ఆలస్యానికి ఇంత, మీటరు బాడుగ ఇంత.

"మీటరు బాడుగా?" అంది జేజి. "మన గోడకు మేకు కొట్టి, మన గోడకు తగిలించి, మననే బాడుగ అడుగుతారా? గోడ మనది గదా. వాళ్ళే మనకియ్యాల బాడుగ."

అక్క నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని, "ఆ మాట ఆఫీసులో సెప్పు జేజీ, కుర్చీ ఏసి కూర్చోబెడతారు" అంది.

పాత బాకీ ఏమిటో మాకు తెలియదు. మధ్యలో కొన్నాళ్ళు మీటరు రాసేవాడు రాలేదు, అప్పటిది కలిపారేమో అంది అక్క. సర్‌చార్జి అంటే ఏమిటో తనకూ తెలియదంది. అంతకు ముందు నెల జేజి పట్టుబట్టి, బల్బు వేయనివ్వకుండా రోజులు గడిపింది. అయినా మినిమం అని వచ్చింది. వెలిగించినా కట్టాలి, వెలిగించకపోయినా కట్టాలి అంటే జేజికి ఎంత చెప్పినా ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

ఆ మరునాడే అక్కను కానుపుకు పుట్టింటివాళ్ళు మద్దికెరకు తీసుకుపోయారు. ఇక ఇంట్లో అంకెలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడికి పోలేదు. తెల్లవారుజామున జేజి దగ్గర కూర్చుని ఖురాను అక్షరాలు నేర్చుకునేదాన్ని, సాయంత్రాలు పక్కింటి అక్క పలక మీద తెలుగు, అంకెలు దిద్దించేది. ఆ ఇద్దరికీ నేనెంతో రుణపడి ఉన్నాను. ఆ తర్వాత జరిగిన దానికి ఆ రెండు చదువులూ కారణమే అయినా, ఆ మాటలో మార్పు లేదు.

నాయనకు అక్షరం రాదు. కానీ ఆయనకొక ఆలోచన వచ్చింది. బిల్లు వచ్చినప్పటి నుంచి జేజి బల్బు వేయనివ్వలేదు, మీటరు కదిలి ఉండదు. బిల్లులో రాసిన అంకె ఒకటి, మీటరులో ఉన్న అంకె ఒకటి అయితే? రాసేవాడు పొరపాటు పడి ఉంటే? రెండు పరుపులు మడిచి ఒకదాని మీద ఒకటి వేసి, నన్ను వాటి మీద నిలబెట్టి, కింద నా కాళ్ళు పట్టుకున్నాడు.

"ఏం పాపా, కనపడతాండాయా?"

"కనపడతాండాయి నాయనా."

"నిదానంగా సూడు. తొందరేం లేదు."

ఆ మీటరులో నాలుగు చిన్న చిన్న గడియారాలు వరసగా ఉండేవి. ఒక్కొక్కదానిలో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక్కటే ముల్లు. దాన్ని ఎటునుంచి చదవాలో నాకెవరూ చెప్పలేదు. జేజి దగ్గర చదువు కుడి నుంచే మొదలవుతుంది. అన్నం కుడి చేత్తో, చెప్పు కుడి కాలికి ముందు, ఇంట్లోకి అడుగు కుడిది. మంచి పని ఏదైనా మా ఇంట్లో కుడి నుంచే. నాయన కోసం చేస్తున్న పని కంటే మంచి పని ఇంకేముంటుంది? బిస్మిల్లా అనుకుని, కుడి చివరి గడియారం నుంచి మొదలుపెట్టాను. సున్నా, ఒకటి, మూడు, రెండు. చక్కెర పొట్లం కాగితం మీద మాత్రం అక్క నేర్పినట్టు ఎడమ నుంచి రాసుకుంటూ పోయాను. కంటిది జేజి చదువు, చేతిది అక్క చదువు. ఆ రెండూ కలిసి ఏం చేశాయో నాకు తెలియలేదు.

"నూట ముప్పై రెండు నాయనా" అన్నాను.

బిల్లులో ఉన్న మీటరు అంకె రెండు వేల మూడు వందల పది అని అక్క చదివి చెప్పింది నాయనకు కంఠతా ఉంది. ఆయన నన్ను దించి, ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. "సూసినావా అమ్మా, నా బిడ్డ తప్పు పట్టుకునింది" అని జేజితో అన్నాడు. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ పూట మా ఇంట్లో బిల్లు సంగతి తేలిపోయినట్టే అనుకున్నాము.

నాయన ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. దారిలో కనపడిన ఇద్దరు ముగ్గురికి ఆపి మరీ చెప్పాడు. కిటికీ ముందు పొడుగాటి వరస. అందరి చేతుల్లో బిల్లులే, అందరి ముఖాలూ మా ముఖాల్లాగానే ఉన్నాయి. మా వంతు వచ్చాక నాయన బిల్లూ, నా కాగితమూ రెండూ లోపలికి పెట్టి, "మీటరు సూసి రాసుకొచ్చినాం సారూ. మీవోళ్ళు తప్పు రాసినారు" అన్నాడు. తగువులాగా అనలేదు, మర్యాదగానే అన్నాడు.

గుమాస్తా కాగితం చూశాడు. "నూట ముప్పై రెండా? పోయిన ఏడే రెండు వేలు దాటింది గదప్పా మీది. ఏం, మీటరు ఎనక్కి తిరుగుతాందా?"

వరసలో నవ్వులు మొదలయ్యాయి. లోపల బల్ల మీద కూర్చున్న ఇంకొకాయన కాగితం చేతిలోకి తీసుకుని, బిల్లు పక్కన పెట్టి చూసి, "తిరగేసి రాసినారు సార్ ఇది. ఈ పక్క నుంచి సదవండి. రెండు, మూడు, ఒకటి, సున్నా" అన్నాడు.

గుమాస్తా చదివాడు. అచ్చంగా బిల్లులో ఉన్న అంకే.

"బాగుందప్పా!" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "మా లెక్క సరిగ్గా ఉందని నువ్వే రాసి తెచ్చినావే. మేము సెప్పాల్సింది గూడా నువ్వే సెప్పితివి."

ఏం జరిగిందో నాకప్పుడు అర్థమయింది. ఇంట్లో వాళ్ళకు మిగిలిన ఒక్క ఆశను నా చేతులతో నేనే తుడిచేశాను. నాయన చొక్కా అంచు పట్టుకుని ఆయన వెనక్కి జరిగాను.

"ఎవురప్పా ఇది రాసింది?" అని అడిగాడు గుమాస్తా.

నాయన కొంచెం కూడా ఆలోచించలేదు. "నేనే సారూ" అన్నాడు.

"నువ్వేనా? సరే. అయితే దీని కింద సంతకం పెట్టిపో. ఫైల్లో పెట్టుకుంటాం."

నాయన పెన్ను వైపు చూశాడు. అందరూ చూస్తున్నారు. ఇప్పుడైనా చెబుతాడు, మా పాప రాసింది సారూ, చిన్నపిల్ల అంటాడు అనుకున్నాను. అనడంలో తప్పు కూడా లేదు. ఆయన మెల్లగా, "సిరా ఉంటే ఈండి సారూ. ఏలిముద్ర ఏస్తా" అన్నాడు.

ఇక ఆ నవ్వులు ఆగలేదు. "అంకెలు రాసేకి వస్తాది, పేరు రాసేకి రాదా?" అన్నారొకరు. వెనక నుంచి ఇంకెవరో, "ఏ సేతిదప్పా ఏసేది, కుడిదా ఎడమదా? జాగ్రత్త, దాన్ని గూడా తిరగేస్తావేమో!" అన్నారు. మా నాయన వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తల వెంట్రుకలకు తుడుచుకుని, వాళ్ళతో పాటు తానూ నవ్వాడు. అబద్ధం ఆడితే నోరు కడుక్కుని రమ్మనే మనిషి. అప్పటిదాకా ఆయన నోట నేను అబద్ధం వినలేదు.

అంత జరిగినా ఆయన అక్కడి నుంచి కదలలేదు. గడువు అడిగాడు. ఇయ్యడానికి లేదన్నారు. సర్‌చార్జి అంటే ఏమిటని అడిగాడు. రూల్సు అన్నారు. ఎవరికి చెప్పుకోవాలని అడిగాడు. పై ఆఫీసులో అన్నారు. అది యాడుంది సారూ అంటే, కర్నూల్లో అన్నారు. వెనక నుంచి తోస్తున్నారు. గుమాస్తా చెడ్డవాడని ఈనాడు నేను అనను. ఆ కాగితంలో ఉన్న మాటలకు అర్థం ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు నేను ఏడుస్తున్నాను. పత్తి బండ్లు పోతుంటే పక్కకు నిలబడ్డాము. అప్పుడు నాయన అడిగాడు.

"కుడి నుంచి సదివినావా?"

"ఊ."

"బిస్మిల్లా అన్నావా?"

"అన్నా నాయనా."

"అట్లయితే నీ తప్పేం లేదు. ఆ మీటరు సేసినోళ్ళకు మన పద్ధతి తెల్దు" అన్నాడు. కాస్త ఆగి, "ఇంట్లో సెప్పొద్దులే. నేనే తప్పు రాయించుకున్యా అని సెప్తా" అన్నాడు.

మీకు మంచి ముగింపు చెప్పాలని నాకూ ఉంది. కానీ శనివారం ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకొచ్చి ఫ్యూజు పీక్కుని పోయారు. జేజి వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది, వాళ్ళు తాగి వెళ్ళారు. మళ్ళీ కరెంటు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదంతా అమ్మ లోపలి గదిలోకి బుడ్డి తీసుకుపోలేదు, నాయన తీసుకుపోనివ్వలేదు. గాలి లేవకముందే ఆమె వాకిట్లో కూర్చుని కుట్టేది. ఎండ ఎక్కి గాలి లేచిందంటే పని ఆగిపోయేది. దూది వీధి చివరిదాకా ఎగిరిపోతుంటే నేనూ నాయనా వెంటపడి ఏరుకొచ్చేవాళ్ళం. సగానికి సగం పని తగ్గిపోయింది. అది నా వల్ల కాదని నాకు తెలుసు. నేను సరిగ్గా చదివినా ఆ బిల్లు అంతే ఉండేది. అయినా దూది ఏరుతున్నప్పుడల్లా ఆ నాలుగు గడియారాలే కళ్ళ ముందు తిరిగేవి.

నాయన ఆ తర్వాత కూడా ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇచ్చేవాడు. "సదువు పాపా" అనేవాడు, ముందులాగానే. నేను భయపడితే తాను పక్కన కూర్చునేవాడు. ఆయన ఆ కాగితాలను ఇంకెవరి చేతిలోనైనా పెట్టి ఉంటే నేను మళ్ళీ అక్షరం ముట్టుకునేదాన్ని కాదేమో.

ఎనభైలలో నన్ను ఎమ్మిగనూరుకు ఇచ్చారు. అక్కడ మా వీధిలో మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు కరెంటు బిల్లులు తెచ్చి నా ముందు పెట్టేవారు. చదివి చెప్పేదాన్ని. ఎందుకింత అని అడిగితే చాలాసార్లు తెలియదమ్మా అని చెప్పి, వాళ్ళతో పాటు ఆఫీసుకు పోయి వరసలో నిలబడేదాన్ని. అంతకంటే ఏమీ చేయలేకపోయాను. కానీ ఎవరింట్లోనైనా ఒక బిడ్డ ఏదైనా తప్పు చదివి, తప్పు రాసి, నలుగురిలో తల దించుకుంటే మాత్రం, ఆ తప్పు నాది అనడానికి నా నోరు ఇప్పటిదాకా వెనకాడలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది.

మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చేత్తో రాసిన అక్షరం ఒక్కటీ ఈ లోకంలో లేదు. ఇది చదివిన మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ పూట చేతులు జోడించినప్పుడో, చాచినప్పుడో, బిడ్డ రాసిన తప్పును నాదేనన్న ఒక దూదేకుల మనిషిని ఒక్కసారి తలుచుకోండి.